టెక్సాస్‌లో వైట్ బాస్ ఎదురెక్కే కాలం: ఎప్పుడు వెళ్లాలి, గాలం ఎలా వేయాలి?

టెక్సాస్‌లో ఉన్న మన తెలుగువాళ్లం చాలామందిమి చేపలు పట్టడమంటే లేక్ గట్టున కుర్చీ వేసుకుని, గాలానికి ఏదో ఒకటి గుచ్చి నీళ్లలో పడేసి, నాలుగు గంటలు కబుర్లు చెప్పుకుని, తెచ్చుకున్న పులిహోర తినేసి ఇంటికి వచ్చేయడమే. నేనూ మూడేళ్లు అదే చేశాను. అదే మనిషి ఫిబ్రవరి ఆఖరులోనో మార్చి మొదట్లోనో సరైన నది దగ్గర, సరైన రోజున నిలబడితే ఒక్క పూటలో చేతులు నొప్పి పుట్టేంత చేప దొరుకుతుంది. వైట్ బాస్ అనే చేప ఏడాదంతా రిజర్వాయర్‌లో మందలుగా తిరిగి, చలికాలం చివర గుడ్లు పెట్టడానికి పైనున్న నదిలోకి ఎదురెక్కుతుంది. తొలకరి వానలకి కాలవల్లో చేపలు ఎదురెక్కడం చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. పులస సముద్రం నుంచి గోదావరిలోకి వస్తుంది, ఇది రిజర్వాయర్ నుంచి నదిలోకి వస్తుంది. రుచిలో మాత్రం రెంటినీ పోల్చను, గోదావరి జిల్లాల చుట్టాలు నన్ను బతకనివ్వరు.

నాకు బాగా తెలిసిన చోటు లేక్ బుకానన్ పైన ఉన్న కొలరాడో నది. గ్రాండ్ కాన్యన్‌లో పారే కొలరాడో కాదిది, టెక్సాస్‌లోనే పుట్టి టెక్సాస్‌లోనే సముద్రంలో కలిసేది. లేక్‌కి సుమారు పది మైళ్ల ఎగువన కొలరాడో బెండ్ స్టేట్ పార్క్ ఉంది, మొదటిసారి వెళ్లేవాళ్లకి అంతకంటే మంచి చోటు చెప్పలేను. ఆస్టిన్ దగ్గరలోనే కావాలంటే గ్రేంజర్ లేక్ పైన శాన్ గేబ్రియల్ నది, లేక్ ట్రావిస్ నిండుగా ఉన్న ఏడాది దాని పైన పెడర్నాలిస్ నది ఉన్నాయి. హ్యూస్టన్ వాళ్లకి లేక్ లివింగ్‌స్టన్ పైన ట్రినిటీ నది. డాలస్ వైపు వాళ్లు లూయిస్‌విల్ లేక్ పైన ఎల్మ్ ఫోర్క్ చూడండి. చోటు ఏదైనా పద్ధతి ఇదే.

ముందు నీళ్లు చూడండి, తర్వాత క్యాలెండర్

నేను చేసిన మొదటి తప్పు ఇదే. ఎవరో "ప్రెసిడెంట్స్ డే వీకెండ్‌కి వెళ్లు" అన్నారని రూమ్ బుక్ చేసుకుని, అప్పుడే ఇండియా నుంచి వచ్చిన మా నాన్నని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన గాలం ముట్టుకోకుండా గట్టున కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టి, "ఒరేయ్, నీళ్లింకా జివ్వుమంటున్నాయిరా, ఇప్పుడే ఏం వస్తాయి" అన్నారు. నేను వినలేదు. రెండు రోజులకి రెండు చేపలు పడ్డాయి.

గుడ్లు పెట్టడం నీటి వేడి సుమారు 54 నుంచి 68 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు జరుగుతుంది. ఆ అంకె ఒక ఏడాది ఫిబ్రవరి మధ్యలోనే రావచ్చు, ఇంకో ఏడాది మార్చి రెండో వారం దాకా రాకపోవచ్చు. అందుకే పది డాలర్ల థర్మామీటర్ ఒకటి కొని, దారానికి కట్టి, సంచిలో పడేసుకోండి. ఇంట్లో ఉండే తెలుసుకోవాలంటే రెడ్‌బడ్ చెట్లు చూడండి. ఆకులు రాకముందే కొమ్మల నిండా గులాబీ రంగు పూలు పూసే చెట్టు అది. అవి పూయడం మొదలైతే నదికి బయల్దేరమని ఇక్కడి పాతకాపులు అంటారు, నా అనుభవంలో అది పెద్దగా తప్పలేదు.

రెండోది ప్రవాహం. నదుల నీటిని కొలిచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ సైట్‌లో, కొలరాడో నదికైతే శాన్ సాబా ఊరి దగ్గరి గేజ్ (కొలమానం) తెరిస్తే నదిలో ఎంత నీరు పారుతోందో గంటగంటకీ కనిపిస్తుంది. సీఎఫ్‌ఎస్ అని రాసి ఉంటే కంగారు పడకండి, మన పేపర్లలో ప్రాజెక్టుల వార్తల్లో రాసే క్యూసెక్కులే అవి. అంకె కంటే గీత ఎటు పోతోందో ముఖ్యం. వాన పడి ఉన్నట్టుండి పైకి లేచిందంటే నీళ్లు టీ రంగులో ఉంటాయి, చేప ఎర చూడదు, పైగా ఆ నదిలో దిగడం ప్రమాదం. లేచిన నీరు తగ్గుతూ, పచ్చగా తేరుకుంటున్న రెండు మూడు రోజులు మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి అయినా వెళ్లాల్సినవి. కరువు ఏడాది వచ్చి రిజర్వాయర్ అడుగంటి, నది సన్నగా పారితే చేప అసలు పైదాకా ఎక్కలేదు. అలాంటి ఏడాది ఊరికే పెట్రోలు తగలేసుకోకండి.

లైసెన్స్, గట్టు ఎవరిది అన్న గొడవ

17 ఏళ్లు నిండినవాళ్లకి టెక్సాస్‌లో ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. మామూలు ఏడాది లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, ఏ నెలలో కొన్నా అంతే, కాబట్టి నిరుటిది ఇంకా పనికొస్తుందనుకుని వెళ్లకండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే స్టేట్ పార్క్ భలే ఉపయోగం: పార్క్ లోపల గట్టు మీద నిలబడి గాలం వేస్తే లైసెన్స్ అక్కర్లేదు. కయాక్ ఎక్కాలన్నా, నీళ్లలో దిగి నడవాలన్నా తీసుకోవడమే మంచిది. శని, ఆదివారాలకి పార్క్ నిండిపోతుంది, ముందే రిజర్వ్ చేసుకోండి.

పార్క్ బయటైతే గట్టు దాదాపు అంతా ప్రైవేటు భూమే. ఇక్కడ చెట్టుకో కంచె స్తంభానికో ఊదా రంగు పెయింట్ పట్టీ కనిపిస్తే "లోపలికి రావద్దు" అని చట్టప్రకారం అర్థం, బోర్డు ఉండాల్సిన పనిలేదు. అది తెలియక నేను ఒకసారి నడుచుకుంటూ వెళ్లిపోయాను, ఒక పెద్దాయన ట్రక్కులో వచ్చి మర్యాదగానే చెప్పి పంపించాడు కానీ ఆ రోజంతా మనసు బాగోలేదు.

సామాను తక్కువే

ఆరు, ఆరున్నర అడుగుల లైట్ స్పిన్నింగ్ రాడ్, చిన్న రీల్, 6 పౌండ్ల లేదా 8 పౌండ్ల బరువు తట్టుకునే దారం. ఎర విషయంలో దుకాణంలో వందల రంగులు కనిపించి తల తిరుగుతుంది, తెల్లది ఒకటి, నిమ్మపండు పసుపుది ఒకటి చాలు. ఔన్సులో పదహారో వంతు, ఎనిమిదో వంతు బరువున్న జిగ్ హెడ్‌లు (తల దగ్గర బరువు అతికించిన గాలాలు), వాటికి తొడిగే రెండంగుళాల వంపు తోక రబ్బరు ఎరలు కొనండి. తల దగ్గర చిన్న రేకు తిరిగే రోడ్ రన్నర్ రకం ఉంటే ఇంకా మంచిది, అవి డజను కొనండి. డజనా అని నవ్వకండి. అడుగంతా రాళ్లు, చెట్ల మోళ్లు, పూటకి నాలుగైదు పోతాయి, పోవడం లేదంటే మీరు ఎరని పైపైన లాగుతున్నారని అర్థం.

వేడింగ్ షూస్ (నీళ్లలో దిగి నడిచే బూట్లు) ఉంటే వేసుకోండి. సున్నపురాయి మీద పాచి పట్టి సబ్బులా జారుతుంది. నేను జీన్స్ ప్యాంటు, జిమ్ బూట్లతో దిగి ఒక రాయి మీద జారి, ఫోనుతో సహా నడుందాకా మునిగి లేచాను. మార్చిలో ఆ నీళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

ఎక్కడ నిలబడాలి

నదిని చూడగానే నీళ్లు ఎక్కడ వేగం మారుస్తున్నాయో వెతకండి. రాళ్ల మీదుగా గలగలమని పల్చగా పారే చోటు, దాని కిందే లోతైన మడుగు, ఆ రెండూ కలిసే దగ్గర నీళ్ల మీద ఒక గీతలా కనిపిస్తుంది. మడుగు ఎగువ కొసన, ఆ గీతకి ఇవతల నిదానంగా ఉన్న నీళ్లలోనే చేప ఆగి ఊపిరి తీసుకుంటుంది. పెద్ద బండరాయి వెనక, ఒడ్డున సుడి తిరిగే చోట కూడా ఉంటుంది.

మగ చేపలు ముందు వస్తాయి, ఆడవాటికంటే నెల ముందే వచ్చి కూర్చునేవీ ఉంటాయి. ఇది పనికొచ్చే సంగతి ఎలా అంటే, పట్టిన చేపని పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తగానే పాలలాంటి తెల్లటి ద్రవం వేళ్ల మీదికి కారిందనుకోండి, అది మగది. వరసగా పది అవే పడి, అన్నీ పౌను లోపే ఉంటే ఆడవి ఇంకా కింద లోతు మడుగుల్లో ఉన్నాయన్నమాట. అప్పుడు పల్చటి నీళ్లు వదిలేసి దిగువకి నడవండి, బరువు జిగ్ కట్టండి. పొట్ట ఉబ్బి రెండు పౌన్లు తూగేవి అక్కడ దొరుకుతాయి. ఈ జాతిలో టెక్సాస్ రికార్డు 5.56 పౌన్లు, 1977లో ఈ కొలరాడో నదిలోనే పడింది. మనకి రెండు పౌన్లది పడినా పండగే.

వేయడం, లాగడం

ప్రవాహానికి అడ్డంగా, కొంచెం ఎగువకి విసరండి. ఎర పడగానే రీల్ తిప్పకండి, ఇక్కడే అందరూ తొందరపడతారు. రెండు మూడు అంకెలు లెక్కపెట్టి అడుగుకి దిగనివ్వండి, నీళ్లే దాన్ని కిందికి తోసుకుపోతుంటే దారం వదులు కాకుండా ఉండేంత మాత్రం నెమ్మదిగా చుట్టండి. రాళ్లకి టక్ టక్ మని తగులుతున్నట్టు రాడ్ కొనలో తెలియాలి. చేప ఎరని పట్టడం కూడా మొదట్లో అలాగే ఉంటుంది: ఎర దిగువకి తిరిగి వంపు తీసుకునే చోట చిన్న టిక్, దారం కాస్త పక్కకి జరుగుతుంది, అంతే. అప్పుడు గట్టిగా గుంజకుండా రాడ్ పైకెత్తండి చాలు. ఇక అది అడ్డంగా ప్రవాహంలోకి పరిగెత్తుతుంది, సైజుకి మించిన బలం, డ్రాగ్ (చేప లాగితే రీల్ దారం వదిలే బిగువు) వదులుగా పెట్టుకోకపోతే దారం పుటుక్కుమంటుంది.

ఒకటి పడిందంటే కదలకండి. మంద ఉంటుంది, మళ్లీ అదే చోట, అదే లోతులో వేయండి. పావుగంట ఏమీ తగలకపోతే రంగు మార్చేముందు లోతు మార్చండి, అదీ కుదరకపోతే ఇరవై అడుగులు నడవండి. తెల్లారుజామున, సాయంత్రం, మబ్బు పట్టిన రోజు రోజంతా బాగుంటుంది. పట్టుకునేటప్పుడు వీపు ముళ్లు, మొప్పల అంచు జాగ్రత్త, బ్లేడులా గీసుకుంటాయి.

లెక్క, కొలత

రోజుకి మనిషికి 25 చేపలు, ఒక్కోటి కనీసం 10 అంగుళాలు ఉండాలి. కొన్ని లేక్‌లకి వేరే లెక్కలున్నాయి, టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ యాప్‌లో మీ చోటు చూసుకోండి. అసలు ఇబ్బంది దీనిలాగే ఉండే హైబ్రిడ్ (వైట్ బాస్, స్ట్రైప్డ్ బాస్‌ల సంకరం) చేపతో, మామూలుగా దానికి కనీసం 18 అంగుళాలు ఉండాలి, రోజుకి ఐదే. అనుమానం వస్తే నోరు తెరిచి నాలుక మీద వేలు రాయండి: వెనక భాగంలో గరుకు మచ్చ ఒకటే తగిలితే వైట్ బాస్, పక్కపక్కన రెండు తగిలితే హైబ్రిడ్, చిన్నదైతే వదిలేయండి. కొలత అడిగితే చూపించడానికి వీలుగా తల, తోక ఇంటికెళ్లాకే తీయండి.

25 అన్నారు కదాని 25 పట్టకండి. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి సింక్ ముందు నిలబడి ఇరవై ఐదు చేపలు తోమితే తెలుస్తుంది. నేను ఎనిమిదో పదో ఉంచుకుని మిగతావి, ముఖ్యంగా పెద్ద ఆడవాటిని, వదిలేస్తాను.

ఇంటికి తెచ్చాక

పట్టగానే మొప్ప కోసి నెత్తురు పోనిచ్చి వెంటనే ఐస్‌లో పెట్టండి, గట్టున తాడుకి కట్టి మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచితే కండ మెత్తబడిపోతుంది. "వైట్ బాస్ నీచు వాసన" అనేవాళ్లందరూ ఒక పని చేయరు: ఫిల్లెట్ తీశాక చర్మం వైపు పొడవునా ముదురు ఎరుపు కండ పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని కత్తి వాల్చి తీసేయాలి. వాసనంతా అందులోనే. తర్వాత ఉప్పు, పసుపు, నిమ్మరసం రాసి పావుగంట ఉంచి కడగండి.

వేపుడికి భేషుగ్గా ఉంటుంది. పులుసు పెట్టాలంటే ఫిల్లెట్ వద్దు, పొలుసు గీకి ముళ్లతోనే అడ్డంగా ముక్కలు కొట్టండి, అప్పుడే విడిపోకుండా ఉంటుంది. చింతపండు పులుసు, ఉల్లిపాయ ముద్ద, కారం మరిగి నూనె పైకి తేలాకే ముక్కలు వేసి పది నిమిషాలు ఉంచండి, గరిటె పెట్టకుండా గిన్నె చెవులు పట్టుకుని తిప్పండి. ఆడ చేపలో జన దొరికితే పులుసులో వేయకండి, కాస్త కారం, అల్లం వెల్లుల్లి పట్టించి విడిగా వేయించండి. మూత పెట్టి వేయించండి, ఎందుకంటే అది పేలి స్టవ్ అంతా చిమ్ముతుంది.