దంత బీమానా, డిస్కౌంట్ ప్లానా? ముందు చికిత్స అంచనా చేతికి తీసుకోండి

అమెరికాలో పెద్దల పంటి వైద్యం మామూలు ఆరోగ్య బీమాలో సాధారణంగా కలిసి రాదు. 65 ఏళ్లు దాటినవారికి వర్తించే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఒరిజినల్ మెడికేర్ కూడా క్లీనింగ్, ఫిల్లింగ్, కట్టుడు పళ్ల ఖర్చు భరించదు. అందువల్ల చాలామంది దంత బీమా, డిస్కౌంట్ ప్లాన్ పక్కపక్కన పెట్టుకుని, నెలకు ఎంత కట్టాలన్న ఒక్క అంకె చూసి ఎంచుకుంటారు. ఆ అంకె చివరన చూడవలసినది.

ఈ రెండింటి స్వభావమే వేరు. బీమాలో మీరు నెలనెలా ప్రీమియం కడతారు, వైద్యం చేయించుకున్నప్పుడు కంపెనీ ఖర్చులో తన వాటా చెల్లిస్తుంది. డిస్కౌంట్ ప్లాన్ బీమా కాదు. ఏడాదికి సభ్యత్వ రుసుము కడితే, ఆ ప్లానులో చేరిన దంతవైద్యులు తగ్గించిన ధరకు వైద్యం చేస్తారు, ఆ తగ్గించిన బిల్లు మొత్తం మీరే, తరచు అప్పటికప్పుడే చెల్లించాలి. అందులో క్లెయిములు ఉండవు, వార్షిక పరిమితీ ఉండదు.

ముందుగా దంతవైద్యుణ్ణి కలిసి, చికిత్స అంచనాను రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితంలో ఒక్కో వరుసలో పంటి సంఖ్య, డి అక్షరంతో మొదలయ్యే కోడు, ధర ఉంటాయి. ఉదాహరణకు డి 2740 అంటే పింగాణీ క్రౌన్ (పంటికి వేసే తొడుగు), డి 3330 అంటే దవడ పంటికి రూట్ కెనాల్. ఈ కోడులు దేశమంతటా ఒకటే కాబట్టి, రెండు రకాల ప్లాన్లవారినీ వాటితోనే ధర అడగవచ్చు.

తరువాత బీమా పత్రంలో వెయిటింగ్ పీరియడ్ వెతకండి. సొంతంగా కొనుక్కునే ప్లాన్లలో ఫిల్లింగులకు కొన్ని నెలలు, క్రౌన్ వంటి పెద్ద పనులకు తరచు ఏడాది ఆగవలసి వస్తుంది. పన్ను సలుపుతున్నప్పుడు కొన్న బీమా ఆ పన్నుకే పనికిరాకపోవడం ఇందువల్లనే. చేరకముందే ఊడిపోయిన పన్ను స్థానంలో కొత్తది పెట్టించుకుంటే చెల్లించబోమనే షరతు కూడా కొన్ని ప్లాన్లలో ఉంటుంది; ఇంప్లాంటు, బ్రిడ్జి అవసరమున్నవారు ఈ వాక్యం చదవకుండా సంతకం పెట్టకూడదు.

చాలా ప్లాన్లలో పరీక్షలకు, క్లీనింగుకు నూటికి నూరు, ఫిల్లింగులకు 80, క్రౌన్లకు 50 శాతం చెల్లిస్తామని ఉంటుంది. చూడటానికి ఉదారంగానే కనిపిస్తుంది గాని, ఏడాదికి కంపెనీ ఇచ్చే మొత్తం తరచు 1,000 నుంచి 2,000 డాలర్ల దగ్గర ఆగిపోతుంది.

ఇక లెక్క వేద్దాం. మీకు ఒక రూట్ కెనాల్, రెండు క్రౌన్లు కావాలని, తగ్గించిన ధర రెండు ప్లాన్లలోనూ ఒక్కొక్కదానికి 1,000 డాలర్లని అనుకుందాం. బీమా ప్రీమియం నెలకు 40, డిడక్టిబుల్ (కంపెనీ చెల్లించడం మొదలుపెట్టేముందు మీరే కట్టుకోవలసిన మొత్తం) 50, ఈ మూడు పనులకూ సగం, గరిష్ఠ పరిమితి 1,000. మొదటి 50 డాలర్లు తీసేసి మిగతాదాంట్లో సగం కడితే 1,475 రావాలి, కాని పరిమితి వల్ల వెయ్యే వస్తుంది. మీరు 2,000, ఏడాది ప్రీమియం 480, కలిపి 2,480 పెట్టుకుంటారు. డిస్కౌంట్ ప్లాన్ రుసుము 150 అనుకుంటే 3,150 అవుతుంది. బీమాయే మేలు. అయితే వెయిటింగ్ పీరియడ్ ఏడాది ఉండి, మీరు ఆగలేని స్థితిలో ఉంటే, కంపెనీ ఈ మూడింటికీ ఏమీ ఇవ్వదు. బీమాతో 3,480, డిస్కౌంట్ ప్లానుతో 3,150. ఒక్క షరతు ఫలితాన్ని తారుమారు చేసింది.

ఉద్యోగం ద్వారా వచ్చే బీమాలో యజమాని ప్రీమియంలో ఎక్కువ భాగం భరిస్తుంటే, నా దృష్టిలో ఆలోచించవలసిన పనే లేదు, తీసుకోండి. పళ్లు గట్టిగా ఉండి, ఏడాదికి రెండు క్లీనింగులతో సరిపోయేవారు వాటి నగదు ధరను ఏడాది ప్రీమియంతో పోల్చి చూస్తే చాలు. బీమా పరిమితి తరచు జనవరిలో కొత్తగా మొదలవుతుందని పనులను రెండు సంవత్సరాలకు పంచుకోవడం కొందరి అలవాటు. అది మంచి ఉపాయమే, కాని రూట్ కెనాల్ చేసిన దవడ పన్నును తొడుగు లేకుండా నెలల తరబడి వదిలేస్తే అది చిట్లిపోయి, పీకించుకోవలసిన గతి పట్టవచ్చు. ఎన్నాళ్లు ఆగవచ్చో వైద్యుణ్ణే అడగండి.

డబ్బు కట్టేముందు ప్లాన్ వెబ్‌సైటులోని దంతవైద్యుల జాబితాను నమ్మి ఊరుకోకుండా నేరుగా క్లినిక్కుకు ఫోన్ చేయండి. ఫలానా ప్లాన్ ఇప్పటికీ తీసుకుంటున్నారా, ఈ కోడులకు ఆ ప్లాన్ కింద నేను కట్టవలసింది ఎంత అని అడిగి, చెప్పినవారి పేరు, తేదీ అదే అంచనా కాగితం మీద రాసి పెట్టుకోండి.