బ్యాటన్ జారినా, పక్క జట్టు తగిలినా: రిలేలో ఏం చేయాలి?

ఒడిశాలోని రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ ఒకే జట్టుగా దిగే రిలే పరుగుల్లో వివాదం తలెత్తితే, పెద్దలు ముందుగా వాదించుకునేది ఎవరు ఎవరిని తోశారన్న దాని మీదనే. నిబంధనలు మాత్రం ముందుగా చూసేది ఆ క్షణంలో బ్యాటన్ (జట్టులో ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ పరుగెత్తే గొట్టం) ఎక్కడ ఉంది, ఎవరి చేతిలో ఉంది అన్న సంగతిని. అందుకే తగాదాకు సిద్ధపడటం కూడా సాధనలో భాగమే కావాలి.

మొదట బ్యాటన్ సంగతి. అది అతుకు లేని నునుపైన గుల్ల గొట్టమై, 28 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసం, కనీసం 50 గ్రాముల బరువు ఉండాలి. కొనే స్తోమత లేని బడి 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపును 30 సెంటీమీటర్ల ముక్కగా కోసి, అంచులను గరుకు కాగితంతో రుద్ది వాడుకుంటే సాధనకు సరిపోతుంది. వెదురు ముక్కతో సాధన చేయించడం నాకు నచ్చదు. పిల్లల చేయి కణుపు దగ్గర పట్టుకు అలవాటుపడి, అసలు పోటీలో నునుపైన గొట్టం దగ్గర తడబడుతుంది. గ్లవ్స్ వేసుకోకూడదు, పట్టు కోసం చేతికి జిగురు వంటిదేదీ రాసుకోకూడదు కాబట్టి, చెమట తుడుచుకోవడానికి తువ్వాలు దగ్గర ఉంచుకోవాలి.

తరువాత ట్రాక్ మీద పెట్టుకునే గుర్తు సంగతి. 4×100 మీటర్ల పరుగులో (నలుగురు తలా వంద మీటర్లు) బ్యాటన్ మార్పిడికి ఇప్పుడు 30 మీటర్ల జోన్ ఉంటుంది. 4×400లో అది 20 మీటర్లే. 4×100లో అందుకునే ఆటగాడు జోన్ మొదట్లో నిలబడి, వచ్చే ఆటగాడి వైపు పాదం వెంట పాదం పెడుతూ సుమారు 20 పాదాలు కొలిచి, తన లేన్‌లోనే ఒక గుర్తు పెట్టుకోవాలి. సింథటిక్ ట్రాక్ అయితే 5 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు మించని టేపు ముక్క ఒక్కటే అతికించాలి. మట్టి నేల అయితే ఎలాంటి గుర్తు పెట్టుకోవచ్చో అధికారులను ముందే అడగాలి. వచ్చేవాడు ఆ గుర్తును తాకగానే అందుకునేవాడు వెనక్కి చూడకుండా పూర్తి వేగంతో బయలుదేరాలి. వచ్చేవాడు వీపు మీదికి దూసుకొస్తే గుర్తును మరింత వెనక్కి, వచ్చేవాడి వైపుకి జరపాలి. అతను ఎంత పరుగెత్తినా అందుకునేవాడిని చేరలేకపోతే గుర్తును దగ్గరికి తేవాలి. ఈ సర్దుబాటు పోటీ వేగంతో పరుగెత్తినప్పుడే తెలుస్తుంది, మెల్లగా పరుగెత్తించి కొలిస్తే లాభం లేదు.

4×100లో మొదటివాడు కుడిచేత, రెండోవాడు ఎడమచేత, మూడోవాడు కుడిచేత, నాలుగోవాడు ఎడమచేత పట్టుకుంటే మధ్యలో చేయి మార్చే పని ఉండదు. అందించేవాడు వేసే కేక ఒకే అక్షరంగా, పక్క లేన్‌లో ఎవరూ వాడనిదిగా ఉండాలి, లేకపోతే ఇంకొకరి కేకకు మనవాడు చేయి చాస్తాడు. తెలుగు, ఒడియా పిల్లలు కలిసిన జట్టు ఈ కేకను మొదటి రోజే ఖాయం చేసుకోవాలి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత మహిళల 4×100 జట్టులో ఆంధ్ర నుంచి సత్తి గీత, ఒడిశా నుంచి శ్రావణి నందా ఉన్నారు. భాష వేరైనంత మాత్రాన జట్టు కుదరకపోదు.

బ్యాటన్ ఇచ్చేశాక చాలామంది చేసే పొరపాటు, గబుక్కున పక్కకు తప్పుకోవడం. ఇతర జట్లన్నీ వెళ్ళిపోయి దారి ఖాళీ అయ్యే దాకా తన లేన్‌లోనే ఉండాలి. అడ్డుపడి వేరొక జట్టును ఆపితే సొంత జట్టే డిస్‌క్వాలిఫై అవుతుంది. అందుకున్నవాడిని వెనక నుంచి నెట్టి సాగనంపడం కూడా తప్పే.

ఇక బ్యాటన్ జారితే. అందుకునేవాడి చేతిలో మాత్రమే ఉన్న క్షణానికి మార్పిడి పూర్తయినట్టు లెక్క. అంతకు ముందు పడితే అందించేవాడే తీయాలి, తరువాత పడితే అందుకున్నవాడు తీయాలి. దానికోసం లేన్ దాటవచ్చు, కాని పరుగు దూరం తగ్గకూడదు, ఎవరికీ అడ్డు తగలకూడదు. జోన్ లోపల ఉన్నామా లేదా అన్నది బ్యాటన్ ఉన్న చోటును బట్టే తేలుతుంది, కాళ్ళను బట్టి కాదు.

ఎవరైనా తగిలినా సరే, జట్టు పరుగు పూర్తి చేయాల్సిందే. 2016 రియో ఒలింపిక్స్ మహిళల 4×100 హీట్‌లో (ఫైనల్‌కు ముందు జరిగే పరుగులో) బ్రెజిల్ క్రీడాకారిణి తగలడంతో అమెరికా జట్టు బ్యాటన్ జారింది. అయినా దాన్ని తీసుకుని జట్టు గీత దాటింది. అభ్యంతరం నెగ్గి, వారు ఒంటరిగా మళ్ళీ పరుగెత్తి 41.77 సెకన్లతో ఫైనల్‌కు చేరి స్వర్ణం గెలిచారు. మధ్యలో ఆగిపోయి ఉంటే ఆ వాదనకు బలమే ఉండేది కాదు. అలాగని తగిలిన ప్రతిసారీ న్యాయం మన వైపే తేలుతుందని అనుకోకూడదు: 2018 జకార్తా ఆసియా క్రీడల మిక్స్‌డ్ రిలేలో (స్త్రీలూ పురుషులూ ఒకే జట్టుగా పరుగెత్తేది) బహ్రెయిన్ క్రీడాకారిణి హిమ దాస్‌కు అడ్డుపడిందన్న భారత్ అభ్యంతరాన్ని అక్కడ తోసిపుచ్చారు.

అభ్యంతరాన్ని ఫలితం ప్రకటించిన 30 నిమిషాల లోపు ముందుగా రిఫరీకి నోటిమాటగా చెప్పాలి. చెప్పేవారు కేకలు వేయకుండా మూడు సంగతులు చెబితే చాలు: ఏ మార్పిడిలో, ఏ లేన్‌లో, దాని వల్ల మన ఆటగాడి పరుగు ఎలా ఆగింది. తప్పు చూసినట్టు పసుపు జెండా ఎత్తిన అంపైర్ ఎవరో గమనించి ఉంటే ఆ సంగతీ చేర్చాలి. తీర్పు నచ్చకపోతే అప్పీళ్ళు వినే జ్యూరీకి సంతకం చేసిన అప్పీలును డిపాజిట్‌తో కలిపి ఇవ్వాలి. అధికారులు ఒడియా లేదా ఆంగ్లంలో పని చేసే చోట ఆ కాగితాన్ని తడుముకోకుండా రాయగల వారిని ఉదయమే మాట్లాడి ఉంచుకోవాలి. చిన్న పోటీల్లో జ్యూరీయే ఉండకపోవచ్చు, అప్పుడు రిఫరీ మాటే చివరిది. జ్యూరీ ఉందా, డిపాజిట్ ఎంత, ఫోన్ వీడియో చూస్తారా అన్నవి పోటీకి ముందు జరిగే మేనేజర్ల సమావేశంలోనే టీం మేనేజర్ అడిగి తెలుసుకోవాలి.