బుడాపెస్ట్ చలిలో వేడినీళ్ళ స్నానం: మన వయసు ఆడవాళ్ళకి చెప్పవలసినవి

విజయనగరంలో పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద నడిచే మా గుంపులో ఇప్పుడు ఎవరిని కదిపినా ఒక కొడుకో కూతురో బయటి దేశంలోనే ఉన్నారు. పురుటికో, మనవల్ని చూసుకోడానికో ఒక చలికాలం అక్కడ గడపక తప్పదు. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పేది ఒకటే, "హీటర్ పక్కన కూర్చుని, కిటికీలోంచి మంచు చూసి వచ్చాం" అని. మా అమ్మాయి ఉండేది హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో. నేను అక్కడి చలికాలం చాలా వరకు వేడినీళ్ళలో గడిపాను. ఈ డిసెంబరులో మా వీధి వదినగారొకరు అటే వెళ్తున్నారు. ఆవిడ అడిగిన ప్రశ్నలకి చెప్పిన జవాబులే ఇవి, కాస్త సర్ది రాస్తున్నాను. స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన దాన్ని కాబట్టి బీపీ, షుగర్ మాట ఎత్తకుండా వదలను, ముందే చెప్తున్నా.

ఆ ఊరి కింద వందకి పైగా వేడినీటి ఊటలు ఉన్నాయి. భూమి లోపల నుంచి వేడిగా వచ్చే నీళ్ళని కొలనుల్లోకి మళ్ళించి వందల ఏళ్ళుగా స్నానాలు చేస్తున్నారు. డిసెంబరు, జనవరిలో బయట సున్నాకి అటూ ఇటూ ఉంటుంది. సాయంత్రం నాలుగింటికే చీకటి. మన ఊళ్ళో భోగి ముందు పద్దెనిమిది డిగ్రీలకే మంకీ క్యాప్ తగిలించుకునే మా ఆయన కూడా అక్కడ సున్నా డిగ్రీల్లో ఆరుబయట కొలనులో కూర్చుని "ఇంకో పది నిమిషాలు" అన్నారంటే నీళ్ళు ఏ మాత్రం వేడిగా ఉంటాయో మీరే ఊహించుకోండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు మంగళవారం రుడాష్ అనే స్నానశాలకి వెళ్ళండి. అందరూ ముందు సేచెనీ అనే ఇంకో స్నానశాలకే తీసుకెళ్తారు, ఫోటోలు బాగా వస్తాయని. నా మాట వినండి, ముందు రుడాష్. అక్కడి పాత తుర్కీ స్నానశాలలోకి మంగళవారం ఆడవాళ్ళకే ప్రవేశం. మిగతా పనిదినాలు ఎక్కువగా మగవాళ్ళవి. శని, ఆదివారాలు అందరూ కలిసి, స్విమ్‌సూట్ తప్పనిసరి. మంగళవారం మాత్రం వేసుకోవడం వేసుకోకపోవడం మన ఇష్టం. అంటే లోపల కొందరు ఏమీ లేకుండానే ఉంటారు. ఇది ముందే తెలిసి వెళ్ళడం మంచిది. ఆ మాట చెప్పగానే మా వదినగారు "ఓలమ్మో, ఆళ్ళకి సిగ్గేటీ లేదేటే!" అన్నారు. లేదు మరి. డెబ్బై, ఎనభై ఏళ్ళ ముసలమ్మలు కర్ర పట్టుకుని వచ్చి, కర్ర గోడకి ఆనించి నీళ్ళలో దిగుతారు. మనకేసి ఎవరూ చూడరు. ఒళ్ళంతా కప్పుకున్న మనమే అక్కడ వింత, ఆ వింతని కూడా ఎవరూ పట్టించుకోరు. సిగ్గు తీరడానికి పావుగంట చాలు.

రుడాష్ దాన్యూబ్ నది ఒడ్డున, గెల్లేర్ట్ కొండ పాదం దగ్గర, ఎలిజబెత్ వంతెన పక్కనే ఉంటుంది. ఆ ఊరు తుర్కుల చేతిలో ఉన్న 16వ శతాబ్దంలో బుడాకి పాషాగా, అంటే తుర్కీ గవర్నరుగా ఉన్న సోకొల్లు ముస్తఫా కట్టించాడు. మన ఫూల్‌బాగ్ దగ్గర ఔక్‌ఖానా తెలుసు కదా, పూసపాటి రాజుల స్నానం కోసం కట్టిన ఎనిమిది పలకల రాతి కట్టడం. రుడాష్‌లో నడిమి కొలను కూడా ఎనిమిది పలకలే. చుట్టూ ఎనిమిది స్తంభాలు, పైన రాతి గుమ్మటం. గుమ్మటానికి చిన్న చిన్న కన్నాలు, వాటికి రంగు గాజులు. పొద్దు ఎక్కాక ఆ వెలుతురు ఎర్రగా, ఆకుపచ్చగా ఆవిరి మీద పడుతుంది. మన దాన్ని బయట నుంచి చూసి రావడమే మిగిలింది, వాళ్ళ దాంట్లో ఇంకా జనం స్నానం చేస్తున్నారు. ఆ కుళ్ళు నాకు ఇంకా పోలేదు.

నడిమి కొలను 36 డిగ్రీలు. గది నాలుగు మూలలా నాలుగు చిన్నవి: 28, 30, 33, 42. విడిగా 16 డిగ్రీల చన్నీళ్ళ తొట్టి ఒకటి. ఏది ఎంత వేడో అక్కడే రాసి ఉంటుంది, దిగేముందు చూసుకోండి. నేనైతే ముందు 33లో కాళ్ళు అలవాటు చేసి, తర్వాత 36లో మెడ వరకు కూర్చుంటాను. మోకాళ్ళ నొప్పులకి అదే హాయి. 42 సంగతి కింద చెప్తాను. నీళ్ళకి కొంచెం గంధకం వాసన ఉంటుంది, రెండు నిమిషాల్లో ముక్కు మరిచిపోతుంది.

ఇక బట్టలు. చీరా కుదరదు, కాటన్ చుడీదారూ కుదరదు. తడిస్తే బరువెక్కి లాగేస్తుంది, పైగా అక్కడి వాళ్ళు రానివ్వరు. మోకాళ్ళ కింది వరకు వచ్చే, చేతులున్న నైలాన్ స్విమ్మింగ్ డ్రెస్ ఇక్కడే కొనుక్కోండి. విశాఖలో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. మన కొలతలకి అక్కడ వెతుక్కోవడం కష్టం. వదులుగా ఉంటుందని ఒక సైజు పెద్దది తీసుకోకండి, నీళ్ళలో గాలి చేరి పైకి తేలుతుంది. దాంతో పాటు జారని రబ్బరు చెప్పులు, ఒంటికి చుట్టుకునే పెద్ద టవల్, ఇంకో చిన్న టవల్, తడి బట్టలకి ప్లాస్టిక్ కవరు, తలకి ఒక టోపీ. టవళ్ళు ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి.

టికెట్ తీసుకునేటప్పుడు రెండు రకాలు అడుగుతారు: లాకర్, క్యాబిన్. లాకర్ అంటే బీరువా అర ఒక్కటే, బట్టలు నలుగురిలో మార్చుకోవాలి. క్యాబిన్ అంటే తలుపు గడియ పెట్టుకునే చిన్న గది. కొంచెం ఎక్కువైనా క్యాబినే తీసుకోండి, పిల్లలు డబ్బు వృథా అన్నా వినకండి. సేచెనీ లాంటి పేరున్న చోట టికెట్ పదివేల ఫోరింట్లు దాటుతుంది, మన డబ్బుల్లో రెండున్నర వేలకి పైమాటే. శని, ఆదివారాల్లో ఇంకా ఎక్కువ. చేతికి ఒక రబ్బరు పట్టీ ఇస్తారు, అదే తాళం చెవి. దాన్ని గది తలుపుకి ఆనిస్తే తెరుచుకుంటుంది.

నీళ్ళలో దిగేముందు షవర్ కింద ఒళ్ళు కడుక్కోవాలి. ఇది అక్కడ రూలు. మనకి ఇంకో రూలు కూడా: ముందు రోజు రాత్రే తలంటుకోండి. కొబ్బరినూనె రాసుకున్న తలతో దిగితే నీళ్ళ మీద నూనె తేలుతుంది, మీకే తలవంపు. జడ ముడి వేసి పైకి బిగించండి. సబ్బు, నలుగుపిండి కొలను దగ్గరకి తీసుకెళ్ళకండి.

నగల మాట. బంగారు గొలుసు ఉంచుకోవాలంటే ఉంచుకోండి. వెండి మెట్టెలు, పట్టీలు మాత్రం తీసేసి వెళ్ళండి, గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. మెట్టెలు తియ్యనంటే తియ్యనని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు. అలాగే వెళ్ళి, ఇంటికొచ్చాక చింతపండుతో తోముకోండి. పసుపుతాడు ఉన్నవాళ్ళు ఆ రోజుకి గొలుసులోకి మార్చుకోవాలి, రంగు దిగుతుంది.

ఇప్పుడు నర్సమ్మ మాటలు. ఒక్కో విడతకి పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ దిగండి. వేడినీళ్ళలో రక్తనాళాలు వ్యాకోచించి బీపీ తగ్గుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. కమ్మీ పట్టుకుని, ఒక మెట్టు మీద కాసేపు కూర్చుని లేవండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు 42లో దిగొద్దు, వేడిలోంచి చన్నీళ్ళ తొట్టిలోకి అసలే వెళ్ళొద్దు. పక్కనున్న ముసలాయన దూకాడని మీరు దూకకండి, ఆయనకి చిన్నప్పటి నుంచి అలవాటు. షుగర్ వల్ల కాళ్ళు తిమ్మిరి పట్టినవాళ్ళకి వేడి సరిగా తెలియదు, ముందు చెయ్యి పెట్టి చూసుకోండి. పాదాల మీద పుండు, పగులు ఏదున్నా ఆ రోజు మానుకోవాలి. ఇన్సులిన్ చేసుకున్న వెంటనే వేడినీళ్ళలో దిగితే మందు త్వరగా ఒంట్లోకి ఎక్కి షుగర్ పడిపోవచ్చు. కాబట్టి ఏదైనా తిని, కాస్త ఆగి వెళ్ళండి, బ్యాగులో గ్లూకోజ్ బిస్కెట్లు పెట్టుకోండి. కడుపు నిండా తిని కూడా దిగొద్దు. గర్భిణులు డాక్టర్ని అడగకుండా వద్దు, కాబట్టి పురుటికి వెళ్ళిన అమ్మలు కూతుర్ని ఇంట్లో ఉంచి వెళ్ళాలి.

మనవల్ని తీసుకెళ్దామనుకుంటే అదీ కుదరదు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని వేడినీటి కొలనుల్లోకి రానివ్వరు. పిల్లాడు బడికో క్రెష్‌కో వెళ్ళే పూట చూసుకోండి. ఎలాగూ పనిదినం పొద్దుటి పూటే జనం తక్కువ. రుడాష్ ఆరింటికే తెరుస్తారు.

రెండోసారికి సేచెనీ. సిటీ పార్క్‌లో పసుపు రంగు భవనం, 1913లో తెరిచారు. ఊళ్ళో పసుపు రంగు మెట్రో ఎక్కితే పక్కనే దింపుతుంది, ఆ మెట్రో కూడా 1896 నాటిది, ప్లాట్‌ఫాం మీద నిలబడితే బొమ్మరైలు వచ్చినట్టు వస్తుంది. సేచెనీలో లోపల బయట కలిపి పద్దెనిమిది కొలనులు. నీళ్ళు 1200 మీటర్లకి పైగా లోతు నుంచి, డెబ్బై డిగ్రీలు దాటిన వేడితో పైకొస్తాయి, చల్లార్చి వదులుతారు. లోపలి కొలనుల్లో మనకి ఇబ్బందేమీ లేదు. అసలు సరదా బయటి పెద్ద కొలనుల్లో ఉంది, అసలు పరీక్షా అక్కడే. తలుపు తీసుకుని తడి ఒంటితో కొలను దాకా నడవాలి. ఆ పదీ ఇరవై అడుగుల్లోనే చలి ఎముకల్లోకి దిగుతుంది. దానికో పద్ధతి ఉంది. లోపల వేడినీళ్ళలో ఒళ్ళు బాగా కాగాక, చెప్పులు వేసుకుని, టవల్ భుజాల చుట్టూ కప్పుకుని వెళ్ళండి. టవల్ కొలను దగ్గర కొక్కేనికి తగిలించండి, చెప్పులు మెట్ల పక్కనే విడవండి. పరుగెత్తకండి, రాళ్ళ మీద గడ్డకట్టిన నీళ్ళుంటాయి. 38 డిగ్రీల నీళ్ళలోకి దిగాక చలి మాటే గుర్తుండదు, తల మాత్రం పైకి ఉంటుంది కాబట్టి ఉన్ని టోపీ పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. అక్కడ ముసలాళ్ళు నడుం లోతు నీళ్ళలో నిలబడి చదరంగం ఆడతారు. మా ఆయన వాళ్ళ వెనక నిలబడి, భాష రాకపోయినా, ఎత్తులు చెప్పబోయారు.

లుకాచ్ అని మూడోది ఉంది, మార్గిట్ వంతెన దగ్గర. టూరిస్టులు తక్కువ, ఊరివాళ్ళు ఎక్కువ. అక్కడి ఆవరణలో గోడకి రాతి పలకలు బిగించి ఉంటాయి, జబ్బు నయమైన వాళ్ళు రకరకాల భాషల్లో రాయించిన కృతజ్ఞతలు. నయమవుతుందని నేను చెప్పను. నొప్పి కొన్ని గంటలు తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది, అంతే. గెల్లేర్ట్ స్నానశాల పేరు పాత పుస్తకాల్లో, వీడియోల్లో కనిపిస్తుంది. అది 2025 అక్టోబరులో మరమ్మతుల కోసం మూసేశారు, అటు వెళ్ళి తిరిగి రాకండి.

ఈదడం వచ్చినవాళ్ళకి మార్గిట్ దీవిలో హాయోష్ ఆల్ఫ్రేడ్ పేరుతో ఈతకొలను ఉంది. వాళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు. తండ్రి దాన్యూబ్‌లో మునిగి చనిపోయాక ఈత పట్టుకున్న కుర్రాడు, 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో చల్లటి సముద్రంలో ఈది రెండు బంగారు పతకాలు తెచ్చాడు. తర్వాత ఆర్కిటెక్ట్ అయ్యి, 1930లో తెరిచిన ఈ భవనానికి నమూనా తనే గీశాడు. ఇలాంటి ఈతకొలనుల్లో, లుకాచ్ ఈత కొలనులో కూడా, తలకి రబ్బరు టోపీ లేకపోతే దిగనివ్వరు. మన పొడుగు జుట్టు పట్టే పెద్ద టోపీ ఇక్కడే చూసి కొనండి.

ఆకలి సంగతి. నీళ్ళలోంచి లేచేసరికి కరకరా ఆకలేస్తుంది. స్నానశాల బయట లాంగోష్ అని అమ్ముతారు, నూనెలో వేయించిన పెద్ద రొట్టె, పైన వెల్లుల్లి, పుల్లటి మీగడ, చీజ్. మాంసం వెయ్యొద్దని చెప్పి తీసుకోండి. నాకు నచ్చింది గానీ రెండో రోజుకి పులిహోర డబ్బా పట్టుకెళ్ళాను.

బయటికి వచ్చే ముందు తల పూర్తిగా ఆరాలి. డ్రైయర్లు గోడలకి ఉంటాయి, మన జుట్టుకి అరగంట పడుతుంది, అంత టైం లెక్కలో పెట్టుకోండి. తర్వాత ఒక పావుగంట లోపలే కూర్చుని, చెమట ఆగాక కోటు వేసుకోండి. చేతి పట్టీ గేటు దగ్గర మెషీన్‌లో వెయ్యాలి, అది వేస్తేనే గేటు తెరుచుకుంటుంది. అందుకని దాన్ని కోటు స్లీవు కిందకి పోనివ్వకుండా ముందే తీసి చేతిలో పట్టుకోండి.