లేక్ ఒడ్డు ఇంటికి డెక్ పెంచాలంటే: మిన్నెసోటాలో వేరియెన్స్ అడిగే పద్ధతి

మా ఇంటి వెనక, లేక్ వైపు ఉన్న డెక్ (ఇంటికి ఆనుకుని కట్టిన చెక్క అరుగు) వెడల్పు 8 అడుగులు. గ్రిల్, బల్ల పెట్టాక నలుగురు కూర్చుంటే, అయిదో మనిషి లోపలికి వెళ్లాలంటే ఒకరు లేవాల్సిందే. 14 అడుగులు చేద్దామని కాంట్రాక్టర్‌ని పిలిస్తే టేపు తియ్యకముందే "వేరియెన్స్ ఉందా?" అన్నాడు. అంటే కట్టడాల రూల్ నుంచి మీ స్థలానికి ఇచ్చే మినహాయింపు. ఇప్పుడు లేక్ ఇల్లు కొన్న మా బంధువులు ఒక్కొక్కరే ఫోన్ చేసి అదే అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నాను. ఇది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం సంగతి. మిగతా రాష్ట్రాల్లో రూల్స్ వేరు.

ముందు దూరం ఎక్కడినుంచి కొలుస్తారో తెలుసుకోండి. నీటి అంచునుంచి కాదు, 'ఆర్డినరీ హై వాటర్ లెవెల్' అనే గీతనుంచి. హైదరాబాద్ చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి మట్టం) గొడవలు విన్నవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. నీళ్లు ఎంత వెనక్కి తగ్గినా ఆ గీత అక్కడే ఉంటుంది. మా పెరట్లో సర్వేయర్ నారింజ రిబ్బన్ కట్టి పాతిన మేకు నీటికి బాగా ఎగువన, పచ్చిక మధ్యలో ఉంది. రియల్టర్ చెప్పిన అంకె నమ్ముకోకండి. చాలా లేక్‌లకి ఆ మట్టం ఎంతో డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ల 'లేక్‌ఫైండర్' వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, దాన్ని మీ నేలమీద గుర్తు పెట్టడం మాత్రం సర్వేయర్ పని. మంచు పడకముందే పెట్టించుకోండి.

లేక్ ఏ తరగతో కూడా చూడాలి. ఊరి డ్రైనేజీ లేక సొంత సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇళ్లకి రాష్ట్రం పెట్టిన కనీస దూరం నేచురల్ ఎన్విరాన్‌మెంట్ లేక్‌కి 150 అడుగులు, రిక్రియేషనల్ డెవలప్‌మెంట్‌కి 100, జనరల్ డెవలప్‌మెంట్‌కి 75. కౌంటీ (ఇక్కడి జిల్లా) ఇంకా ఎక్కువ పెట్టుకోవచ్చు. మాది 100 అడుగుల లేక్, ఇల్లేమో 60 అడుగుల్లోనే ఉంది. రూల్ రాకముందు కట్టిన ఇల్లు కాబట్టి ఉన్నదానికి ఇబ్బంది లేదు, పెంచితేనే పేచీ.

అసలు వేరియెన్స్ అక్కర్లేకుండా పోయే దారి ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. పాత ఇల్లు గీతకి ఎంత దూరంలో ఉందో అందులో 15 శాతం వరకు డెక్ ముందుకి రావొచ్చు. అయితే గీతకి 30 అడుగులకంటే దగ్గరికి రాకూడదు. ప్రధానంగా చెక్కతో కట్టాలి, పైకప్పు, దోమతెర ఉండకూడదు, డెక్ పెట్టడానికి వేరే అనువైన చోటు లేదని తేలాలి. మా లెక్కలో 60కి 15 శాతం అంటే 9 అడుగులు. ఉన్న 8కి ఒక్క అడుగు కలుస్తుంది. మీ ఇల్లు 80 అడుగుల్లో ఉంటే 12 వస్తుంది, ఇక ఈ తతంగమంతా ఎందుకు? మీ కౌంటీ ఈ వెసులుబాటు ఉంచిందో లేదో జోనింగ్ ఆఫీసులో అడగండి.

"ముందు కట్టేద్దాం, తర్వాత ఫైన్ కట్టి రెగ్యులరైజ్ చేయించుకుందాం" అని మా బావమరిది సలహా ఇచ్చాడు. మన దగ్గర అక్రమ కట్టడాలని ఫైన్‌తో క్రమబద్ధం చేసే బీపీఎస్, బీఆర్ఎస్ పథకాలు చూసిన అలవాటు. ఇక్కడ కట్టాక అడిగినా అవే ప్రశ్నలకి జవాబు చెప్పాలి, కాదంటే కట్టింది పీకాలి.

ఇక దరఖాస్తు. సర్వే, డ్రాయింగ్, ఫీజు, సెప్టిక్ సరిగా ఉందన్న సర్టిఫికెట్ ఎవరైనా పోగుచేస్తారు. గెలిచినా ఓడినా 'ప్రాక్టికల్ డిఫికల్టీస్' (రూల్ పాటించడంలో ఉన్న ఇబ్బందులు) పేజీ దగ్గరే. 2010లో మిన్నెటోంకా నగరం కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు పాత చట్టాన్ని అక్షరాలా చదివేసరికి వేరియెన్స్ దొరకడమే గగనమైపోయింది. 2011లో చట్టం మార్చి, నగరాలకీ కౌంటీలకీ ఇదే కొలమానం చేశారు. ఇందులో చూసేవి మూడు: మీరు అడిగే వాడకం సబబైనదేనా, ఇబ్బంది మీరు తెచ్చుకున్నది కాకుండా ఆ స్థలానికే ప్రత్యేకంగా ఉన్నదా, చుట్టుపక్కల తీరు మారిపోతుందా.

ఇక్కడ అమ్మానాన్న వేసవికి వస్తారు, మెట్లు దిగలేరు అని రాయాలనిపిస్తుంది. ఎంత నిజమైనా, వేరియెన్స్ తేల్చే కౌంటీ బోర్డు చేతిలో అది చెల్లని నోటు. ఖర్చు తగ్గుతుందన్న మాట ఒక్కటే చెప్పినా చెల్లదని చట్టంలోనే ఉంది. మాట్లాడాల్సింది మీ నేల గురించి. మేం రాసింది ఇంతే: ఇంటి ముందు సెప్టిక్ డ్రెయిన్‌ఫీల్డ్ (మురుగునీరు ఇంకే నేల), ఒక పక్క బావి, రెండో పక్క నిటారు వాలు, లేక్ వైపు తప్ప డెక్ పెట్టే చోటు లేదు, ఇవన్నీ మేం కొనకముందునుంచీ ఉన్నవే. ప్రతి పక్కకీ ఒక ఫొటో, ఒక కొలత జత చేశాం.

అడిగేది తగ్గించి అడగండి. 14 అని వేసి బేరమాడదామనుకోకండి, ఇది మోండా మార్కెట్ కాదు. బల్ల, కుర్చీలు, వెనక నడిచే దారి గీసి చూస్తే 12 సరిపోతుందని తేలింది, 12కే పెట్టాం. "ఇంతకంటే తక్కువలో ఎందుకు కుదరదు?" అని కచ్చితంగా అడుగుతారు. ఆ డ్రాయింగే జవాబు.

500 అడుగుల లోపు ఇళ్లవాళ్లకి కౌంటీనుంచి హియరింగ్ నోటీసు వెళుతుంది. అది చేరకముందే డ్రాయింగ్ పట్టుకుని మీరే వెళ్లండి. పక్కింటి పెద్దాయనకి వ్యూ పోతుందని భయపడతాడనుకున్నాం. ఆయన బాధంతా రాత్రిపూట లైట్ల గురించి. కిందికి మాత్రమే వెలుగు పడే లైట్లు పెడతామని డ్రాయింగ్‌లోనే రాసిస్తే, అభ్యంతరం లేదని ఆయనే ఉత్తరం రాసిచ్చాడు.

బోర్డు సభ్యులు స్థలం చూడటానికి రావొచ్చు. కొత్త డెక్ మూలల్లో మేకులు పాతి తాడు కట్టి ఉంచండి, కాగితం మీద 12 పెద్దగా కనిపిస్తుంది, గడ్డిలో కాదు. హియరింగ్‌లో క్లుప్తంగా మాట్లాడండి. దరఖాస్తు పూర్తిగా ఇచ్చిన రోజునుంచి 60 రోజుల్లో తేల్చాలి, రాతపూర్వకంగా చెప్పి కౌంటీ ఇంకో 60 తీసుకోవచ్చు. షరతులు పెడతారు: మాకు ఒడ్డున స్థానిక మొక్కల వరస, పలకల మధ్య సందులు, ఎప్పటికీ పైకప్పు వేయకూడదు. షరతు వేరియెన్స్ ప్రభావానికి తగ్గట్టే ఉండాలి, అంతకుమించితే అక్కడే అడగండి. కాదంటే, నిర్ణయం అందాక 30 రోజుల్లో డిస్ట్రిక్ట్ కోర్టుకి వెళ్లొచ్చు.

వేరియెన్స్ వచ్చాక వెంటనే గునపం పట్టుకోకండి. వేరియెన్స్ కౌంటీ రికార్డర్ దగ్గర నమోదు కావాలి, అది ఇంటితోపాటే కొనేవాళ్లకీ వెళుతుంది. బిల్డింగ్ పర్మిట్ వేరే. నేల గడ్డకట్టే ప్రాంతం కాబట్టి ఉత్తరాన ఫుటింగ్‌లు (డెక్ స్తంభాల పునాదులు) 60 అంగుళాల లోతుకి, ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) వైపు 42కి వెళ్లాలి. ఉత్తర్వులో గడువు తేదీ ఉందేమో చూసుకుని కాంట్రాక్టర్‌ని ఆ లెక్కన బుక్ చేసుకోండి. మంచివాళ్లు వేసవికి దొరకాలంటే చలికాలంలోనే మాట్లాడుకోవాలి.