టమాటా సాగిపోతోందా? యూరియా పక్కన పెట్టి నీడ చూడండి

సమస్య: పెరట్లో టమాటా, వంగ మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగుతున్నాయి. కణుపుకూ కణుపుకూ మధ్య బెత్తెడు దూరం. ఆకు పల్చన. మొక్కలన్నీ ఒకే వైపు వాలాయి. పూత అరకొర, వచ్చిందీ రాలిపోతోంది.

ఎవరిని అడిగినా "యూరియా వేశానండీ, అయినా ఇంతే" అంటారు. యూరియా ఇచ్చేది నత్రజని. అది చాలని మొక్క గిడసబారుతుంది, కింది ఆకులు పసుపెక్కుతాయి. మీది సాగుతోంది కదా! కరువైంది ఎండ. పై ఆకులు ఎర్ర కాంతిని పీల్చేసుకుని, మన కంటికి సరిగా ఆనని ముదురు ఎరుపును కిందికి వదిలేస్తాయి. కింది మొక్క ఆ తేడా పసిగట్టి, పక్కదాన్ని దాటిపోవాలని కాండాన్ని సాగదీస్తుంది. బలమంతా కాండానికే పోతే పూతకు ఏం మిగులుతుంది? యూరియా ఆ సాగుడికి ఇంకాస్త ఊతమిస్తుంది, అంతే.

"మా మడికి ఎండ బాగానే తగులుతుంది." ఎప్పుడు చూశారు? నేనూ జూన్‌లోనే చూశాను. హైదరాబాదు శివారులో మా పెరట్లో అరటి చెట్లకు ఉత్తరం పక్కన మడి కట్టాను. మిట్టమధ్యాహ్నం మడి నిండా ఎండ. డిసెంబరుకల్లా టమాటా తీగలా సాగింది. మట్టి మార్చాను, వేపపిండి వేశాను, మరుసటి ఏడు విత్తనమూ మార్చాను. రెండు చలికాలాలు పోయాక, ఒక ఆదివారం టీ గ్లాసుతో అక్కడే కూర్చుంటే అర్థమైంది: పొద్దుట తొమ్మిదికి అరటి నీడలో ఉన్న మడి మూడింటికీ నీడలోనే ఉంది.

జూన్ చివర్లో హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. పదడుగుల చెట్టు నీడ అడుగే, అదీ దక్షిణం వైపు. డిసెంబరు చివర్లో అదే చెట్టు నీడ ఎనిమిదిన్నర అడుగులు, ఉత్తరం వైపు. పైగా అప్పుడు సూర్యుడు ఆగ్నేయంలో పొడిచి నైరుతిలో కుంకుతాడు కాబట్టి ఉత్తరం మడికి రోజంతా తెరిపి ఉండదు. సంక్రాంతికి కాయాలని వేసుకునే చిక్కుడు పందిరి కూడా తక్కువదేం కాదు. ఆరడుగుల పందిరికి అయిదడుగుల నీడ.

పరిష్కారం: పొడుగువి ఉత్తరాన, పొట్టివి దక్షిణాన. అరటి ఇప్పటికే దక్షిణాన ఉంటే దాని ఎత్తంత దూరం వదిలి టమాటా నాటండి. మధ్య జాగాలో చామ, పుదీనా వేసుకోవచ్చు, వాటికి ఆ మాత్రం నీడ ఫర్వాలేదు. అరటికి తల్లినీ ఒక పిలకనూ ఉంచి మిగతావి తీసేయండి. మునగైతే మొహమాటం లేకుండా నాలుగడుగులకు నరికేయండి, మళ్లీ చిగురిస్తుంది.

వేళ్ల పోటీ, వైరస్, వాస్తు అన్నీ తర్వాత. ముందు మడి నాలుగు మూలలా పుల్లలు పాతి తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి ఫోన్లో ఫొటో తీయండి. టమాటాకు కనీసం ఆరు గంటల ఎండ పడకపోతే మందుల కొట్టుకు వెళ్లే పనే లేదు.