అక్షరాల లెక్కతో రహస్య లిపిని విప్పడం ఎలా?

ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి బదులు మరో అక్షరం పెట్టి రాసే రహస్య లిపిలో, అక్షరాలను మార్చే పద్ధతులు 4 పక్కన 26 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే ఏ జన్మకూ తెమలదు. కానీ అక్షరం వేషం మారుతుందే తప్ప, అది ఎన్నిసార్లు వస్తుందన్నది మారదు. ఈ కిటుకును 9వ శతాబ్దంలోనే బాగ్దాద్‌లో అల్-కిందీ అనే అరబ్బు పండితుడు రాసిపెట్టాడు.

గళ్ల కాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. పెన్ను ముట్టుకోవద్దు. సందేశంలో కనీసం 200 అక్షరాలుంటే మేలు. ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగైతే కింది అంకెలు పనికిరావు. వరసకూ వరసకూ మధ్య ఖాళీ వదిలి సందేశం ఎక్కించి, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టి లెక్కించండి. చేత్తోనే లెక్కించండి. కంప్యూటర్ అంకెలిస్తుంది గానీ, పక్కపక్కనే వచ్చే అక్షరాల జంటలు కంట పడేది చేత్తో లెక్కపెట్టేటప్పుడే.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఎక్కువసార్లు వచ్చినది 'ఈ', రెండోది 'టీ', మూడోది 'ఏ' అంటూ 26 అక్షరాలనూ ఒకేసారి నింపేస్తారు. వచ్చేది చెత్త. దాన్ని చూసి, పద్ధతే తప్పంటారు!

మామూలు ఇంగ్లీషు రాతలో 200 అక్షరాలకు సగటున 'ఈ' 25 సార్లు, 'టీ' 18 సార్లు వస్తాయి. ఆ తర్వాత 'ఏ' 16, 'ఓ' 15, 'ఐ' 14, 'ఎన్' 13, 'ఆర్' 12. ఒకటి రెండు అంకెల తేడా మీద వరస నిలుస్తుందా? చిన్న సందేశంలో అవి ఇష్టమొచ్చినట్టు తారుమారవుతాయి. అందుకే మొదట 'ఈ' ఒక్కదాన్నే పట్టుకోండి. దాన్ని కూడా వెంటనే నమ్మొద్దు. 'ఈ' అయితే మాటల చివర తరచుగా ఉంటుంది, పక్కన రకరకాల అక్షరాలు చేరతాయి. ఎక్కువగా మాట మొదట్లో కనిపిస్తుంటే అది 'టీ' కావచ్చు.

ఎక్కువసార్లు వచ్చినది 'డబ్ల్యూ' అనుకుందాం. 'కే-ఎం-డబ్ల్యూ' అనే గుంపు నాలుగైదుసార్లు కనిపిస్తే అది 'ద' అనే మాటే (టీ-హెచ్-ఈ) అయ్యుండాలి. సరిచూడండి: 'హెచ్' తరచుగా 'ఈ'కి ముందు వస్తుంది, వెనక రావడం అరుదు. 'ఎం-డబ్ల్యూ' బోలెడుండి, 'డబ్ల్యూ-ఎం' దాదాపు లేకపోతే మీరు దారిలో పడ్డట్టే. ఆ తర్వాత 'కే-ఎం-బీ-కే' కనిపించిందంటే 'దట్' దొరికినట్టు, 'బీ' అంటే 'ఏ'. ఒంటి అక్షరం మాటలు 'ఏ' లేదా 'ఐ' మాత్రమే. ఎక్కడైనా పలకలేని మాట వచ్చిందా, మొహమాటపడకుండా చెరిపేయండి. రెండు గంటలు పడ్డ కష్టమని తప్పును పట్టుకు వేలాడకండి.

పది పన్నెండు అక్షరాలు తేలాక, ఏ నుంచి జెడ్ దాకా వరసగా రాసి వాటి కింద మారు అక్షరాలు పెట్టండి. రహస్య లిపి తయారుచేసేవాళ్లలో చాలామంది ఏదో ఒక మాటను ముందు పెట్టి, మిగిలిన అక్షరాలను వరస తప్పకుండా పేరుస్తారు. ఆ వరస కనిపించిందంటే మిగతా గళ్లు లెక్కతో పని లేకుండానే నిండిపోతాయి.