విశాఖ ఉప్పుగాలిలో తొలి ఎక్స్100: చూసి కొనడం, దాచుకోవడం

ఫుజీఫిల్మ్ ఎక్స్100 వరుసలో ఇప్పటికి ఆరు కెమెరాలొచ్చినా, సేకరించేవాళ్ల మనసు 2011 నాటి మొదటిదాని మీదే ఉంటుంది. ఈ వరుసలో చాలా కెమెరాల్లో ఉండే మామూలు బేయర్ రకం సెన్సార్ (వెలుగును ఫొటోగా మార్చే చిప్, 12.3 మెగాపిక్సెల్) ఉన్నది దీనికొక్కదానికే. 2013 ఎక్స్100ఎస్ నుంచి ఫుజీ సొంత రకం సెన్సార్ ఎక్స్-ట్రాన్స్‌కి మారారు. 2012లో 10,000 మాత్రమే చేసిన నల్ల లిమిటెడ్ ఎడిషన్ దొరికితే తోలు కేసు, హుడ్, అడాప్టర్ రింగ్, ఫిల్టర్ అన్నీ ఉంటేనే పూర్తి ధర పెట్టండి.

ఈ హంగుల సంగతి తర్వాత, ముందు అపెర్చర్ రేకులు (లెన్స్‌లోకి వచ్చే వెలుగును తగ్గించి పెంచే పలకలు) చూడాలి. అవి అంటుకుపోవడం ఈ మోడల్‌కు పేరుపడ్డ జబ్బు. ఎండ బాగా కాసేవేళ అమ్మేవారిని ఆర్కే బీచ్‌కి రమ్మనండి. ఐఎస్ఓ 200, ఎఫ్/16 (రేకులు బాగా మూసుకునే సెట్టింగ్), షట్టర్ 1/250 పెట్టి ఇరవై ఫొటోలు తీయండి. నడుమ నడుమ రేకులు పూర్తిగా తెరుచుకునే ఎఫ్/2కి తిప్పి మళ్లీ ఎఫ్/16కి తెండి. ఎఫ్/16 ఫొటోలన్నీ ఒకే వెలుగులో రావాలి. ఒక్కటి తెల్లగా పాలిపోయినా రేకులు సరిగా మూసుకోలేదన్నమాట, బేరం మానేయండి. బాగుచేయాలంటే లెన్స్ యూనిట్ మొత్తం మార్చాలి, ఇంత పాత కెమెరాకి అది దొరకడం గగనం. ఈ జబ్బు వచ్చిపోతుంటుంది కాబట్టి కెమెరా ఆపి అరగంటాగి మళ్లీ తీసి చూడండి.

ఎఫ్/16లోనే ఆకాశాన్ని తీస్తే సెన్సార్ మీది దుమ్ము నల్లచుక్కలుగా కనిపిస్తుంది. లెన్స్ ఊడదు, విప్పకుండా తుడవలేం. ఫోన్ టార్చ్ వాలుగా వేస్తే లోపలి బూజు సాలెగూడు దారాల్లా మెరుస్తుంది. లెన్స్ ముందున్న రింగ్ తిప్పి చూడండి. ఉప్పు పట్టినదైతే బిగుసుకుపోయి ఉంటుంది.

ఎన్‌పీ-95 బ్యాటరీ తిరగేసినా లోపలికి వెళ్లిపోతుంది, కాబట్టి కెమెరా వెలగకపోతే ముందు దాన్ని సరిగా పెట్టి చూడండి. చార్జర్‌లో ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ ముక్కనీ అడిగి తీసుకోండి. అది లేకుంటే బ్యాటరీ సరిగా కూర్చోదు, చాలామంది పోగొట్టేదీ అదే.

ఇక దాచడం. తోలు కేసులో పెట్టి బీరువాలో వదిలేస్తే మన ఊరి తేమకి తోలుకీ, దాన్నుంచి అద్దానికీ బూజు పడుతుంది. రబ్బరు అంచున్న గాలిచొరని డబ్బాలో పెట్టండి. అందులో కాస్త సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), పక్కనే చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటర్). తేమ 40-50 శాతం మధ్య ఉండాలి. 30కి దిగితే తోలు ఎండి పగుళ్లిస్తుంది. నారింజ జెల్ ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల లోపు రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బా మాత్రం వద్దు, ఆ పొడి సందుల్లోకి దూరుతుంది.

దీనికి వెదర్ సీలింగ్ (నీళ్లూ దుమ్మూ చొరకుండా కాపాడే అంచులు) లేదు. రుషికొండలో ఏసీ కారు దిగాక మూసిన బ్యాగులోనే ఇరవై నిమిషాలు ఉంచితే అద్దం మీద ఆవిరి పట్టదు. ఇంటికి రాగానే నీటితో కాస్త తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో పైభాగం, డయళ్ల అంచులు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తండి. నెలకోసారి బయటికి తీసి అపెర్చర్ రింగ్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పుతూ పాతిక ఫొటోలు తీయండి. బ్యాటరీని సగం చార్జితో విడిగా ఉంచండి.